అధ్యక్షులవారి బ్లాక్ బెల్టు

ఆదివారం పొద్దున ఇడ్లీలు ఉడికేలోపు కటా ఒకసారి పూర్తి చేసేయాలని వీరభద్రయ్య అనుకున్నాడు. కటా అంటే, ఎదుట మనిషి లేకపోయినా ఉన్నట్టు ఊహించుకుని, ఒక వరుసలో కొడుతూ అడ్డుకుంటూ పోయే కరాటే విద్య. నంద్యాలలోని తన ఇంటి హాల్లో సోఫా పక్కకు జరిపి, పళ్లు బిగించి, ఎడమవైపు తిరిగి చెయ్యి అడ్డం పెట్టాడు. తర్వాత కుడివైపు తిరగాలి. మళ్లీ ఎడమవైపే తిరిగాడు. టీవీ పక్కనున్న ఫొటో ఫ్రేము కిందపడి భళ్లుమంది.

"ఏందండీ అది, పిల్లి జొరబడిందా?" అని వంటింట్లోంచి మహానందమ్మ కేకేసింది.

"పిల్లి గాదు, నేనే. ప్రాక్టీసు చేస్తాండా."

"అయితే పిల్లే నయం. పగలగొట్టినా పాలు తాగి తన దోవన తాను పోతాది."

పగిలిన ఫ్రేములో ఉన్నది వీరభద్రయ్యే. మెడలో పూలదండ, భుజాన శాలువా, కింద బంగారు రంగు అక్షరాల్లో "అధ్యక్షులు, నంద్యాల జిల్లా ఐక్య కరాటే సమాఖ్య".

వీరభద్రయ్యకు గాంధీచౌక్‌లో స్టీలు సామాన్ల అంగడి ఉంది. ఒక ఏడాది కరాటే పోటీలకు కప్పులూ షీల్డులూ ఆయన దగ్గరే తీసుకున్నారు. తీసుకున్నవాళ్లు మర్యాదకు వేదిక మీదికి పిలిచారు, శాలువా కప్పారు. శాలువా కప్పించుకున్న మనిషికి వేదిక దిగడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. మరుసటి ఏడాది ఆయన అధ్యక్షుడయ్యాడు.

ఇక ఆ సమాఖ్య సంగతి. అధ్యక్షుడి కింద ఉపాధ్యక్షులు, వాళ్ల కింద గౌరవ ఉపాధ్యక్షులు, ఆ గౌరవం చాలలేదని అలిగినవాళ్లకు సలహాదారు పదవులు. టెక్నికల్ కమిటీ ఛైర్మన్ మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని రిటైర్డు తాసిల్దారు. క్రమశిక్షణ సంఘానికి ఇద్దరు కన్వీనర్లు, ఒకరి మొహం ఒకరు చూసుకోరు. క్రితంసారి వేసిన ఫ్లెక్సీలో ఇంతమంది ఫొటోలూ పట్టించడానికి, మధ్యలో కాలెత్తి తన్నుతున్న కుర్రాడి బొమ్మను తీసేయాల్సి వచ్చింది. పేరులో 'ఐక్య' అనే మాట సమాఖ్య రెండుగా చీలిన రోజునే చేరింది. చీలిపోయిన రెండో ముక్క బనగానపల్లెలో 'అసలైన' అనే పేరుతో నడుస్తోంది.

ఇంత పెద్ద సంస్థలో కరాటే నేర్పేది ఒకే ఒక్కడు. ఆళ్లగడ్డలో ఉండే అజయ్ కుమార్. మూతపడిన ఒక విత్తనాల గోదాములో ఆదివారాలూ సాయంత్రాలూ పిల్లలకు నేర్పుతాడు. ఫ్లెక్సీలో ఆయన ఫొటో కూడా ఉంటుంది, అట్టడుగున, ఫ్లెక్సీ ప్రింటు చేసినవాడి ఫోన్ నంబరు పక్కన.

ఇన్నాళ్లూ అంతా సజావుగానే సాగింది. ఈ ఏడాది రాష్ట్ర సమాఖ్యకు కోపం వచ్చింది. బెల్టులు పెళ్లి పందిట్లో తాంబూలాల్లా పంచుతున్నారని ఫిర్యాదులు వెళ్లాయట. జిల్లా అధ్యక్షుడు కూడా బ్లాక్ బెల్టు అయి ఉండాలని, సర్వసభ్య సమావేశం నాటికి బెల్టు లేని అధ్యక్షుడు కుర్చీ ఖాళీ చేయాలని కొత్త నియమం పెట్టారు. అంతటితో ఆగలేదు. జిల్లాకు ఏడాదికి ఒకే ఒక్క బ్లాక్ బెల్టు ఇస్తామన్నారు. ఆ పరీక్షను రాష్ట్ర పరిశీలకుడు దగ్గరుండి మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయాలన్నారు.

సర్వసభ్య సమావేశం పై ఆదివారమే. కుర్చీ పోతుందనగానే వీరభద్రయ్యకు మూడు పూటలా అన్నం సయించలేదు.

ఆ ఒక్క బెల్టుకు ఆళ్లగడ్డలో అసలు హక్కుదారు ఉంది. పేరు జెస్సికా. చిన్నప్పటి నుంచి ఆ గోదాము నేల మీదే పడుతూ లేస్తూ బ్రౌన్ బెల్టు దాకా వచ్చింది. బాలికల హాస్టల్లో ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పే ఉద్యోగం ఆమె కోసం ఎదురుచూస్తోంది. హాస్టలువాళ్లు అడిగింది ఒకటే, బ్లాక్ బెల్టు. ఈ నెల దాటితే వేరే ఊరి అమ్మాయిని తీసుకుంటామని కూడా చెప్పేశారు. అజయ్ కుమార్ ఈ మాటే చెప్పుకుని బతిమాలితే వీరభద్రయ్య తేలిగ్గా చెయ్యి ఊపాడు.

"ఆ పిల్లకు ఇంగా చానా వయసు ఉండాదప్పా. నాకు వారమే ఉండాది."

పరీక్ష నంద్యాలలో పెడితే ఊళ్లోవాళ్లు చూస్తారు. అంగడి ముందు టీ తాగేవాళ్లు చూస్తారు. అందుకే ఆళ్లగడ్డ గోదామును ఎంచుకున్నాడు. అక్కడ అడుగు తడబడినా నవ్వేవాళ్లు తెలిసినవాళ్లు కారు. కారు కూడా వద్దనుకున్నాడు. దాని వెనక అద్దం నిండా "అధ్యక్షులు" అని స్టిక్కరుంది. గుట్టుగా బస్సులో వెళ్లి, గుట్టుగా బెల్టు కట్టించుకుని, గుట్టుగా తిరిగి రావడం ఆనాటి పథకం.

సమాఖ్య బెల్టులన్నీ అధ్యక్షుడి ఇంటి బీరువాలోనే ఉంటాయి. వాటిని మహానందమ్మ ఒక అట్టపెట్టెలో సర్ది, టేపు వేసి, తాడు బిగించింది. గాజు గ్లాసులు వచ్చిన పెట్టె అది. లోపలున్నది పగిలే సరుకని తెలియడానికి, అలాంటి పెట్టెలన్నిటి మీదా ఉన్నట్టే, దానిమీదా ఒక కాడ గ్లాసు బొమ్మ ఉంది.

"ఆ పరీక్షపెట్టే అబ్బాయికని ఓళిగలు కూడా కట్టినా. ముందు తినబెట్టండి, తర్వాత ఎగరండి" అంది మహానందమ్మ.

"ఎగిరేది గాదే, కటా."

"ఏదైనా గానీ. సోఫా లేని చోట చేయండి."

ఆళ్లగడ్డ బస్సులో వీరభద్రయ్యకు కిటికీ పక్క సీటు దొరికింది. పెట్టెను కాళ్ల మధ్య పెట్టుకున్నాడు. శిరివెళ్లలో దేవమ్మ అనే ఆవిడ ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. తెల్లచీర, చేతిలో బైబిలు. ఆదివారం ప్రార్థనకు ఆళ్లగడ్డ వెళుతోంది. అప్పుడే అజయ్ కుమార్ ఫోను చేశాడు. అంగడిలో గిన్నెల మోతకు అలవాటుపడిన వీరభద్రయ్యకు గుసగుసగా మాట్లాడినా బస్సంతా వినిపిస్తుంది.

"ఆ, అజయా! బస్సులో ఉండా. బెల్టులన్నీ పెట్టెలోనే ఉండాయి, నా కాళ్లకాడ. ఎల్లో ఉండాది, గ్రీను ఉండాది, బ్రౌను ఉండాది. బ్లాకు ఒకటే. పిల్లోల్లకు ముందు ఎల్లో ఇచ్చి బేగా పంపిచ్చేద్దాం. వాల్లు పోయినాక నా పని చూసుకుందాం."

దేవమ్మ చేతిలోని బైబిలు మూసింది.

"ఆ ఆడపిల్లనా? బ్రౌనుకు అలవాటు పడింది గదా, ఇంగో ఏడాది బ్రౌనుతోనే కానీమను. బ్లాకు మాత్రం నాకే గావల్ల. ఎవురికీ చెప్పొద్దు. గోదాము తలుపులు మూసి పెట్టు."

లైసెన్సు లేకుండా ఊళ్లలో దొంగచాటుగా మందు అమ్మే చోటును మనవైపు బెల్టు షాపు అంటారు. వాడి వాడి ఆ 'షాపు' కూడా అరిగిపోయి ఉత్త 'బెల్టు' మిగిలింది. దేవమ్మ భర్త ఏళ్ల తరబడి బెల్టు గుమ్మంలోనే తెల్లవార్చాడు. ఆ బెల్టును ఆళ్లగడ్డ నుంచి కృపమ్మ అనే పెద్దావిడ ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి మూయించాకే దేవమ్మ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలిగింది. అందుకని ఆ మాట చెవిన పడగానే ఆమె ఒళ్లు మండింది. మెల్లగా వెనక్కి తిరిగి పెట్టెను చూసింది. గ్లాసు బొమ్మ కనిపించింది. ఇక ఆమెకు ఏ అనుమానమూ మిగల్లేదు.

ప్రార్థన మొదలయ్యాక దేవమ్మ వెళ్లి కృపమ్మ పక్కన కూర్చుని చెవిలో ఊదింది.

"అక్కా, నంద్యాల నుంచి ఒగడు పెట్టెతో బెల్టు తెచ్చినాడు. గోదాములో దించుతాండాడు. పిల్లోల్లకు గూడా ఇస్తాడంట."

"ఏ గోదాము?"

"విత్తనాల గోదాము. పెట్టె ఎత్తుకోని ఆడికే పోయినాడు, నా కండ్లతో చూసినా."

జెస్సికా కృపమ్మ మనవరాలే. రోజూ వెళ్లేది ఆ గోదాముకే. మనవరాలు కరాటే నేర్చుకుంటుందని కృపమ్మకు తెలుసు. కానీ కరాటేలో బెల్టులుంటాయని తెలియదు. తప్పు ఆమెది కాదు. అజయ్ కుమార్ తన గోదాములో జపాను పేర్లు తప్ప ఇంకోటి పలకనివ్వడు. నడుముకు కట్టేదాన్ని ఆయన దగ్గర ఓబి అనాలి. "అవ్వా, నా ఓబి యాడ?" అని జెస్సికా మొదటిసారి అడిగినప్పుడు, ఓబులమ్మ అనే స్నేహితురాలు ఇంటికి వచ్చిందనుకుని కృపమ్మ వీధి గుమ్మం దాకా వెళ్లి చూసి వచ్చింది.

విషయం ఒక బల్ల నుంచి వెనక బల్లకు పాకింది. మొదటి బల్ల దగ్గర పెట్టె, నాలుగో బల్ల దగ్గర ఆటో అయింది. తలుపు పక్క బల్లకు చేరేసరికి లారీ, దానికి ముందొక జీపు. పాస్టరుగారు ఆ రోజు వెనక బల్లల్లో కూడా ఇంత శ్రద్ధ ఉండడం చూసి సంతోషించి ప్రసంగం ఇంకాస్త పొడిగించారు. చివరి ఆమెన్ ఆయన నోట్లో ఉండగానే ఆడవాళ్లంతా చెప్పులేసుకున్నారు.

గోదాములో అప్పటికే పిల్లలకు ఎల్లో బెల్టుల పరీక్ష ముగిసింది. పరీక్షలన్నీ అయ్యాకే పెట్టె విప్పాలని రాష్ట్ర పరిశీలకుడు అనడంతో పిల్లలు కూడా అక్కడే ఉండిపోయారు. జెస్సికా ఉదయాన్నే వచ్చి చాపలు పరిచింది, నేల తుడిచింది. "ఈసారి నీది గాదు బిడ్డా, నా చేతుల్లో లేదు" అని అజయ్ కుమార్ చెప్పినప్పుడు ఆ పిల్లకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ మింగి తుడిచిన నేలనే మళ్లీ తుడిచింది. గోదాములోని శిక్షణ కేంద్రానికి గుర్తింపు రద్దవుతుందని అధ్యక్షుడు బెదిరించిన సంగతి అజయ్ కుమార్ ఆమెకు చెప్పలేదు. చెప్పడానికి సిగ్గుపడ్డాడు.

రాష్ట్ర పరిశీలకుడు జయంత్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. వయసు చిన్నదే గానీ మొహంలో నియమావళి తప్ప ఇంకేమీ కనిపించదు. స్టాండు మీద ఫోను పెట్టి వీడియో ఆన్ చేశాడు. వీరభద్రయ్య ఓళిగలు పెడితే, పరీక్షకు ముందు పరిశీలకుడు ఏమీ తీసుకోరాదని పక్కన పెట్టాడు.

"నియమం ప్రకారం వీడియో ఆగకూడదు. నేను మధ్యలో కలగజేసుకోకూడదు. మొదలుపెట్టండి."

వీరభద్రయ్య తెల్ల దుస్తుల్లో గోదాము మధ్యకు వచ్చాడు. చొక్కా కొలతలు ఆయన అధ్యక్షుడైన కొత్తల్లోవి. ఎడమవైపు తిరిగి చెయ్యి అడ్డం పెట్టాడు. ఇప్పుడు కుడివైపా, ఎడమవైపా అని ఆలోచిస్తూ ఉండగా తలుపు దబదబా మోగింది.

"తలుపు తీయండి! బెల్టు బయటికి తీయండి!"

వీరభద్రయ్యకు అర్థమైపోయింది. అంటే, ఆయనకు అర్థమయ్యేది అర్థమైంది.

"బనగానపల్లె వర్గం! నా బెల్టు చెడగొట్టడానికి ఆడోల్లను పంపిచ్చినారు! పెట్టె దాచండి!"

ఎవరూ కదలకపోతే తానే పెట్టెను గోనెసంచుల వెనక్కి ఈడ్చి, పైన గుడ్డ కప్పి, దానిమీద కూర్చున్నాడు. అధ్యక్షుడు ఎక్కడ కూర్చున్నా దిట్టంగానే కూర్చుంటాడు. అజయ్ కుమార్ తలుపు తీశాడు. తెల్లచీరలు వరదలా లోపలికొచ్చాయి.

"అవ్వా, నువ్వేంటికి వచ్చినావ్?" అని జెస్సికా ఎదురొచ్చింది.

"నువ్వు గమ్మునుండు!" అని కృపమ్మ మనవరాలిని పక్కకు తోసి, తెల్ల దుస్తుల్లో గోనెసంచుల వెనక కూర్చున్న పెద్దమనిషి ముందు నిలబడింది. "యాడ పెట్నావప్పా బెల్టు?"

"మిమ్మల్ని ఎవురు పంపిచ్చినారో నాకు తెల్సు. మాకు గుర్తింపు ఉండాది. రిజిస్ట్రేషను ఉండాది."

"బెల్టుకు రిజిస్ట్రేషనంట మే!" అని దేవమ్మ నోరు నొక్కుకుంది.

"ఎన్నాల్ల నుంచి నడుపుతాండావ్ దీన్ని?" అని కృపమ్మ నిలదీసింది.

"ఎన్నాల్లేంది? ఏండ్ల తరబడి నడుపుతాండా. జిల్లాలో ఏ ఊరికన్నా పో, మా బెల్టే."

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత ధైర్యంగా ఒప్పుకున్నవాణ్ణి వాళ్లు అంతవరకు చూడలేదు.

"పిల్లోల్లకు గూడా ఇస్తాండావా?"

"పిల్లోల్లకే ఎక్కువ ఇస్తాం. చిన్నప్పుడే అలవాటు చేయల్ల. ముందు వైటు ఇస్తాం. దానికి అలవాటు పడినాక ఎల్లో. తట్టుకుంటే గ్రీను, ఇంగా తట్టుకుంటే బ్రౌను. బ్లాకు దాకా వచ్చేది చానా తక్కువ మంది. నడిమధ్యలోనే పడిపోతారు."

"పడిపోతారంట యమ్మా! తన నోటితోనే చెప్తాండాడు!" అని వెనక ఎవరో గుండెలు బాదుకున్నారు.

"వాల్ల అమ్మానాయనలు ఏమీ అనరా?"

"ఏంటికంటారు? పక్కనే కూర్చోని చప్పట్లు కొడతారు. ఫొటోలు తీసుకుంటారు."

కృపమ్మ కొంగు నడుముకు దోపింది. అజయ్ కుమార్ ఏదో చెప్పబోతే, "నువ్వూ దీంట్లో ఉండావా సారూ? నిన్ను నమ్మి బిడ్డను పంపిస్తి గదప్పా" అంది. ఆ మాటకు ఆయన తల దించుకున్నాడు. ఆమె ఏ పాపం గురించి అడిగిందో గానీ, ఆయనకు గుర్తొచ్చింది పొద్దున తాను జెస్సికాకు చెప్పిన మాట. జయంత్ మాత్రం కదలకుండా కూర్చుని, ఫోను వంగిపోకుండా స్టాండు పట్టుకున్నాడు.

అంతలో ఒక కానిస్టేబులుతో ఎస్సై వచ్చాడు. ఆడవాళ్లలో ఎవరో దారిలోంచే ఆయనకు లారీ అని ఫోను చేశారు. బయట ఎంత వెతికినా లారీ కనపడక కాస్త చిరాకుగా ఉన్నాడు. నేరుగా గోనెసంచుల దగ్గరికి వెళ్లాడు.

"ఏం పెద్దాయనా, బెల్టు బ్లాకులో తెచ్చినావంటనే?"

వీరభద్రయ్య మొహం పాలిపోయింది. 'బ్లాకులో' అనే మాట నేరుగా గుండెల్లో దిగింది. తాను నేర్చుకోని విద్యకు, ఇంకొకరికి రావలసిన బెల్టు లాక్కుంటున్న సంగతి బయటపడిపోయిందని, బనగానపల్లెవాళ్లు పోలీసుల దాకా వెళ్లారని అనుకున్నాడు. నేరం చేస్తున్న మనిషికి అడిగిన ప్రశ్న తన నేరం గురించే అనిపిస్తుంది.

"సార్, బెల్టు బ్లాకులో తీసుకుంటే… అదీ కేసేనా?"

"అమ్మినా కేసే, తీసుకున్నా కేసే."

"జైలుకా?"

"మరి అత్తగారింటికా? బ్లాక్ బెల్టు నీదేనని నీ నోటితోనే చెప్పినావని ఈ అమ్మ అంటాంది" అని ఎస్సై దేవమ్మను చూపించాడు.

"బస్సులో నా చెవులతో విన్నా సార్. బ్లాకు నాకే గావల్ల అన్నాడు."

వీరభద్రయ్యకు కుర్చీ, శాలువా, బంగారు అక్షరాలు అన్నీ ఒక్కసారి కళ్లముందు మెదిలాయి. వాటి వెనక జైలు ఊచలు కనిపించాయి. ఊచలే గెలిచాయి. పెట్టె మీదినుంచి లేచి రెండు చేతులూ జోడించాడు.

"మహానందీశ్వరుని సాక్షిగా చెప్తాండా సార్. ఆ బ్లాక్ బెల్టుకూ నాకూ ఏ సంబంధమూ లేదు. నేను జన్మలో ఏ బెల్టూ ముట్టలేదు. నాకు దాంట్లో ఓనమాలు రావు. ఏదో పెద్దమనిషినని పిలిస్తే వచ్చి కూర్చున్నా, అంతే."

"మరి ఎవురిది?"

వీరభద్రయ్య కళ్లు గోదామంతా వెతికాయి. పిల్లల పక్కన నిలబడి ఉన్న జెస్సికా మీద ఆగాయి. వేలు దానంతటదే లేచింది.

"ఆ పిల్లది సార్! జెస్సికాది! మొదటి నుంచీ ఆ పిల్లదే. దాని కోసరమే తెచ్చినాం. కావల్లంటే అజయ్ సారును అడగండి!"

కృపమ్మ గోడ పట్టుకుంది. ఊళ్లో ఇన్ని బెల్టులు మూయించిన తన ఇంట్లోంచే బెల్టు బయలుదేరిందంటే ఆమె ఏ మొహంతో బతకాలి?

"నిజమా పాపా?" అన్నాడు ఎస్సై.

జెస్సికా ముందుకు వచ్చింది. తడబడలేదు.

"నిజమే సార్. అది నాదే. సారును అడగండి."

అజయ్ కుమార్ తలెత్తాడు. ఆ ఏడాదంతా ఆయన గట్టిగా మాట్లాడిన మొదటి మాట అదే.

"ఆ పాపదే సార్. ఇంగెవురిదీ కాదు."

"పెట్టె తెరవండి సార్" అంది జెస్సికా.

కానిస్టేబులు తాడు కోశాడు. ఎస్సై మూత ఎత్తాడు. లోపల బట్టతో కుట్టిన నడికట్లు చుట్టలు చుట్టి ఉన్నాయి. పసుపువి, పచ్చవి, గోధుమరంగువి. అన్నిటికన్నా అడుగున, పట్టు దారంతో కుట్టిన నల్లది ఒకటి. ఎస్సై చెయ్యి పెట్టి కెలికాడు. సీసాలు లేవు. ఆడవాళ్లు మునివేళ్ల మీద నిలబడి తొంగిచూశారు.

"ఇదేందీ?" అన్నాడు ఎస్సై. "మందు యాడ?"

"మందేంది సార్?" అన్నాడు వీరభద్రయ్య.

కృపమ్మ వంగి ఒక గోధుమరంగు నడికట్టు తీసి చూసింది. అలాంటిదాన్నే ఆమె రోజూ తన ఇంటి దండెం మీద ఆరేస్తుంది.

"ఇది ఓబి గదా!"

"ఓబీనే అవ్వా. దీన్నే ఇంగ్లీషులో బెల్టు అంటారు."

"ఆ మాట ముందే చెప్పి చావకూడదా? ఊరంతా తోలుకొస్తి!" అని కృపమ్మ మనవరాలి వీపు మీద ఒకటి వేసింది. తర్వాత ఆ చేతితోనే దగ్గరికి లాక్కుని ఏడ్చింది. దేవమ్మ మెల్లగా తలుపు వైపు జరగబోతే చుట్టూ ఆడవాళ్లు దారి ఇవ్వలేదు.

ఎస్సై నవ్వు ఆపుకోవడానికి టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అసలు సంగతి అప్పుడు గానీ వీరభద్రయ్య బుర్రకెక్కలేదు. ఎక్కగానే ఆయన మొహంలోకి రక్తమూ, కుర్చీ మీద ఆశా ఒకేసారి తిరిగొచ్చాయి. చొక్కా సర్దుకుని జయంత్ దగ్గరికి నడిచాడు.

"జయంత్ సారూ, ఏదో పొరపాటు జరిగినాది. నా కటా యాడ ఆగిందో ఆడి నుంచి మొదలుపెడతా."

పరీక్ష మొదలయ్యాక జయంత్ మొదటిసారి నోరు విప్పాడు.

"జన్మలో ఏ బెల్టూ ముట్టలేదని, ఓనమాలు కూడా రావని అధ్యక్షులవారు ప్రమాణం చేసి చెప్పారు. వీడియోలో ఉంది. ఈ జిల్లా బ్లాక్ బెల్టు జెస్సికాదని ప్రకటించారు. అదీ ఉంది."

"అది కంగారులో అన్న మాట సార్!"

"నియమావళిలో కంగారుకు సెక్షను లేదండీ. అభ్యర్థి ముందుకు రావాలి."

జెస్సికా గోదాము మధ్యకు వచ్చి వంగి నమస్కరించింది. ఆడవాళ్లు గోడల పొడుగునా సర్దుకుని కూర్చున్నారు. ఎస్సై ఖాళీ విత్తనాల డబ్బా మీద కూర్చున్నాడు. ఆ పిల్ల ఎడమవైపు తిరిగింది, కుడివైపు తిరిగింది, ఎటు తిరగాలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చొక్కా చేతులు గాలిని కోస్తున్న చప్పుడు వినిపిస్తోంది. చివరి దెబ్బతో పాటు ఆమె వేసిన కేకకు పైకప్పు రేకుల మీది పావురాలు లేచిపోయాయి. ఆ కేకలో పొద్దున మింగిన ఏడుపూ కోపమూ రెండూ ఉన్నాయి. అజయ్ కుమార్ కళ్లు తుడుచుకున్నాడు.

"ఈ పిల్లను మొన్నటి దాకా చీకటి పడినాక బయటికి పోవద్దంటినే" అంది కృపమ్మ పక్కనున్నావిడతో. "ఇంగ నేను బయటికి పోయేటప్పుడు దీన్ని తోడు తీసుకపోవల్ల."

నల్ల బెల్టును జయంత్ జెస్సికా నడుముకు కట్టాడు. పరీక్ష పూర్తయిందని ప్రకటించి, వీడియో ఆపి, అప్పుడు ఓళిగల పొట్లం విప్పాడు.

పై ఆదివారం నంద్యాలలో సర్వసభ్య సమావేశం జరిగింది. వీడియో వేశారు. "జన్మలో ఏ బెల్టూ ముట్టలేదు" అన్నచోట ఉపాధ్యక్షులు వినపడలేదంటూ మళ్లీ మళ్లీ వేయించుకున్నారు. వీరభద్రయ్య కుర్చీ దిగగానే ప్రతి ఉపాధ్యక్షుడూ కండువా సర్దుకున్నాడు. అయితే నియమం వాళ్లకూ నియమమే. వాళ్లలో ఒక్కరికీ తెల్ల బెల్టు కూడా లేదు. అజయ్ కుమార్‌కు బెల్టుంది గానీ, సమాఖ్య కేంద్రంలో నేర్పే శిక్షకుడు పదవిలో ఉండరాదని మరో నియమం ఉంది. దాన్ని పెట్టింది వీరభద్రయ్యే. చివరికి జిల్లాలో అర్హత ఉన్న మనిషి ఒకరే మిగిలారు. హాస్టలు ఉద్యోగంలో చేరి రెండు రోజులైనా కాలేదు, జెస్సికా అధ్యక్షురాలైంది.

ఆమె మొదటి ఉత్తర్వు చిన్నదే. కార్యవర్గంలో ఉండాలనుకునేవాళ్లు ఆదివారం పొద్దున ఆళ్లగడ్డ గోదాముకు వచ్చి తెల్ల బెల్టు నుంచి మొదలుపెట్టాలి. ఆ వారం జిల్లాలోని పెద్దమనుషులకు వరుసగా నడుం నొప్పులు పట్టుకున్నాయి, రాజీనామాలు వచ్చాయి. కొత్త ఫ్లెక్సీలో చోటు బాగా మిగిలింది. కాలెత్తి తన్నుతున్న కుర్రాడి బొమ్మ మళ్లీ మధ్యలోకి వచ్చింది.

వీరభద్రయ్య అంగడికి మాత్రం బేరాలు పెరిగాయి. అయితే వచ్చినవాళ్లు గిన్నెల కన్నా ముందు ఆయన నడుము వైపు చూసి, "అన్నా, బెల్టు ఎవురిది?" అని అడుగుతున్నారు.

ఇప్పుడాయన పంచె కడుతున్నాడు.